కొత్త మందా, పాత మందుకు తోడా?

జలుబు చేసినా, పన్ను సలిపినా మందుల షాపుకెళ్లి "625 ఇవ్వండి" అనేవాళ్లు మనలో తక్కువేం కాదు. (జలుబుకు అది దండగ, ఆ గొడవ తర్వాత.) ఆ 625లో 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్, 125 క్లావులనిక్ ఆమ్లం. బ్యాక్టీరియాను చంపేది అమాక్సిసిలిన్. దాన్ని విరగ్గొట్టడానికి బ్యాక్టీరియా బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతుంది. క్లావులనిక్ ఆమ్లం ఎరలా వెళ్లి ఆ ఎంజైమ్‌కు అతుక్కుపోతుంది. ఇక అది దేన్నీ విరవలేదు. మందులకు లొంగని బ్యాక్టీరియాను పట్టడానికి ఇలా తోడు కలపడం ఒక దారి. కొత్త మందునే కనిపెట్టడం ఇంకో దారి.

రెండోది వినడానికి బాగుంటుంది, డబ్బు లెక్క దగ్గరే బెడిసికొడుతుంది. అమెరికాలో అకేయోజెన్ అనే చిన్న కంపెనీ 2018 జూన్‌లో ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కు అనుమతి తెచ్చుకుంది. 2019 ఏప్రిల్‌కల్లా దివాలా! బీపీ మాత్ర జీవితాంతం వేసుకుంటాం, యాంటీబయాటిక్ వారం పది రోజుల బేరం. పైగా కొత్తది చేతికొస్తే డాక్టర్లు దాచిపెట్టి, మిగతావన్నీ చేతులెత్తేశాకే తీస్తారు. అలా దాచడమే సరైన వైద్యం. కంపెనీకి మాత్రం అది చావు.

తోడు దారిలో సగం దూరం ముందే నడిచేసినట్టు. సెఫిపైమ్ అనే పాత యాంటీబయాటిక్ ఎంత ఇవ్వాలో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. దానికి చెన్నై ఆర్కిడ్ ఫార్మాలో పుట్టిన ఎన్‌మెటాజోబాక్టమ్ అనే తోడును (క్లావులనిక్ ఆమ్లంలాంటిదే) కలిపితే, ముదిరిన మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు వాడుకోవచ్చని 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఇలాంటి కేసులకైతే నేను తోడువైపే.

ఐసీయూలో ఆ మాట అనలేను. 2008లో స్వీడన్‌లో ఒక రోగి దగ్గర బయటపడి న్యూఢిల్లీ పేరు మోస్తున్న ఎన్‌డీఎమ్-1 కూడా బ్యాక్టీరియా మందును విరగ్గొట్టడానికి వాడే ఎంజైమే, కాకపోతే జింకు సాయంతో పనిచేసే రకం. క్లావులనిక్ ఆమ్లానికీ, ఎన్‌మెటాజోబాక్టమ్‌కూ అది చిక్కదు. అక్కడ కొత్త మందే కావాలి, దాన్ని కొనే పద్ధతీ మారాలి. దొంగ రాని నెలలో కూడా కాపలావాడికి జీతం ఇస్తాం కదా! ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ 2022లో అదే చేసింది. వాడకం ఎంతైనా ఒక్కో మందుకు ఏడాదికి కోటి పౌండ్ల దాకా చందా కడతామని ఒప్పుకుంది. ముందుగా ఎంచుకున్నవి రెండు: సెఫిడెరోకాల్ కొత్త మందు, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ పాత మందుకు తోడు కలిపినది.