ఆరేళ్ళుగా జర్మనీ ఆటోబాన్ (అక్కడి హైవే) మీద కారు నడుపుతున్నాను, నా అనుభవం ఇదీ

ఆఫీసు పని మీద ఏడాదికి రెండుసార్లు జర్మనీ వెళ్తుంటాను, వెళ్ళిన ప్రతిసారీ అద్దె కారే. ఈ ఆరేళ్ళలో మొత్తం పాతిక వేల కిలోమీటర్ల దాకా తిరిగి ఉంటాను, ఎక్కువ భాగం మ్యూనిక్ నుంచి న్యూరెంబర్గ్ మీదుగా బెర్లిన్ వెళ్ళే ఏ9 హైవే మీద, మిగతాది ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్ మధ్య ఏ3 మీద.

అందరూ అడిగేది ఒకటే, అక్కడ స్పీడ్ లిమిట్ లేదట కదా అని. చాలాచోట్ల లేదు, నిజమే. కానీ ఊళ్ళ దగ్గర 120 అనో 100 అనో బోర్డు ఉంటుంది, కొన్నిచోట్ల రాత్రిపూట మాత్రమే లిమిట్, కొన్నిచోట్ల రోడ్డు తడిగా ఉంటేనే లిమిట్. తెల్లటి గుండ్రని బోర్డు మీద ఏటవాలుగా నల్ల గీతలు కనిపిస్తే అక్కడితో లిమిట్ తీరిపోయినట్టు. అప్పుడు కూడా 130 దాటకపోతే మంచిదని ప్రభుత్వం సలహా ఇస్తుంది, దాటితే జరిమానా ఏమీ ఉండదు గానీ, ఆ పైన వెళ్తుండగా ప్రమాదం జరిగితే తప్పు అవతలివాడిదైనా నీ మీద కూడా కొంత భారం పడొచ్చు. నేను ఒకే ఒక్కసారి 190 దాకా వెళ్ళాను. ఏ9 మీద, ఆదివారం పొద్దున్నే, రోడ్డంతా ఖాళీ (ఆదివారం రాత్రి పది దాకా పెద్ద లారీలు తిరగకూడదు అక్కడ). రెండు నిమిషాలు కూడా ఉండలేదు. పక్కనున్న కొలీగ్ మాటలు ఆపేసి ముందుకే చూస్తున్నాడు, నాకు అరచేతులు తడిసిపోయాయి, పెట్రోలు ముల్లు చూస్తుండగానే కిందికి దిగుతోంది. ఇప్పుడు 130కీ 140కీ మధ్యే ఉంటాను, హాయిగా ఉంది.

అసలు కష్టం మనం వెళ్ళే వేగంతో కాదు, వెనక నుంచి వచ్చేవాడి వేగంతో. కుడి లేన్‌లో లారీలు 80, కాస్త అటూ ఇటూ. వాటిని దాటాలని నువ్వు 130లో ఎడమకి జరుగుతావు, అదే లేన్‌లో ఎవడో 200లో వస్తుంటాడు. తేడా 70, అంటే సెకనుకి దాదాపు 20 మీటర్లు నీ మీదకి వచ్చేస్తున్నాడన్నమాట. అద్దంలో చుక్కలా కనిపించి, "ఇంకా చాలా దూరం ఉందిలే" అనుకునేలోపు వెనక బంపర్ దగ్గర ఉంటాడు. మొదటి ట్రిప్‌లో ఇలా రెండుసార్లు వెనకవాళ్ళ చేత హెడ్‌లైట్లు ఫ్లాష్ కొట్టించుకున్నాను. అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను: అద్దంలో చూస్తాను, ఒకటి రెండు లెక్కపెట్టి మళ్ళీ చూస్తాను, ఆ చుక్క పెద్దదైతే కదలను, లారీ వెనకే ఓపిగ్గా ఉంటాను. పెద్దది కాకపోతే ఇండికేటర్ వేసి, భుజం మీదుగా ఒకసారి చూసి, దాటేసి, వెంటనే కుడికి వచ్చేస్తాను. ఎడమ లేన్‌లో తీరిగ్గా కూర్చోవడం అక్కడ కుదరదు. కుడి పక్క నుంచి దాటడం నిషేధం కాబట్టి నువ్వు అడ్డంగా ఉంటే వెనకవాడికి వేరే దారి లేదు, అందుకే ఆ కోపం.

ముందు కారుకి ఎంత దూరం ఉండాలో కూడా వాళ్ళకి ఒక లెక్క ఉంది, స్పీడోమీటర్ మీద అంకెలో సగం, మీటర్లలో. రోడ్డు పక్కన తెల్ల స్తంభాలు 50 మీటర్లకి ఒకటి ఉంటాయి, 100లో వెళ్తుంటే ఒక స్తంభానికీ ఇంకో స్తంభానికీ మధ్య ఉన్నంత ఎడం. నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఇది.

ఎక్కేటప్పుడు కూడా జాగ్రత్త. మొదటిసారి ర్యాంప్ చివరకి వచ్చి భయంతో ఆపేశాను, అంతకన్నా పెద్ద తప్పు లేదు, ఎందుకంటే సున్నా నుంచి మొదలుపెట్టి 80లో వెళ్ళే లారీల మధ్యకి దూరడం అంటే ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. ర్యాంప్ మీదే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. దిగేటప్పుడు మాత్రం సుఖం, ఎగ్జిట్‌కి 300 మీటర్ల ముందు మూడు గీతలు, 200 దగ్గర రెండు, 100 దగ్గర ఒకటి. తప్పిపోతే తర్వాతిదాంట్లో దిగడమే.

నాకు వేగం కన్నా భయం వేసేది రోడ్డు పని జరిగేచోట. వాళ్ళు బౌష్టెల్లె అంటారు, ఎప్పుడు వెళ్ళినా ఎక్కడో ఒకటి ఉంటుంది. తెల్ల గీతల మీద పసుపు గీతలు వేస్తారు, అప్పుడు పసుపువే లెక్క. ఎడమ లేన్ ఎంత ఇరుకంటే 2.1 మీటర్లకన్నా వెడల్పున్న బండ్లు రాకూడదని బోర్డు, ఒక పక్క ఇనుప గోడ, ఇంకో పక్క లారీ చక్రం. అద్దె కంపెనీవాళ్ళు ఉచితంగా పెద్ద బండి ఇస్తామంటే నేను మురిసిపోయి తీసుకున్నాను ఒకసారి, అద్దాలతో కలిపి అది ఆ లేన్‌లో పట్టేది కాదు, దారంతా లారీల వెనకే. అలాంటిచోటే 80కి 87లో వెళ్ళి కెమెరాకి దొరికాను. జరిమానా 20 యూరోలు. ఆ నోటీసు నాకు పంపినందుకు అద్దె కంపెనీ వేసిన ఛార్జీ 30 యూరోలు! జరిమానా మీద నాకేం ఫిర్యాదు లేదు, ఆ 30 మీద ఇప్పటికీ ఉంది.

ట్రాఫిక్ ఆగిపోతే ఏం చేయాలో వెళ్ళేముందే తెలుసుకోండి. ఏ3 మీద మొదటిసారి ఆగిపోయినప్పుడు నేను లేన్ మధ్యలో బుద్ధిగా నిలబడ్డాను, చుట్టూ అందరూ పక్కకి జరిగిపోయారు, పక్క లారీ డ్రైవర్ అద్దం దించి చేత్తో "జరుగు, జరుగు" అని అరిచాడు. రెండు నిమిషాల్లో ఆ ఖాళీలోంచి అంబులెన్స్ వెళ్ళింది. అన్నిటికన్నా ఎడమ లేన్‌లో ఉన్నవాళ్ళు ఎడమకి, మిగతా అందరూ కుడికి. కుడి చెయ్యి బోర్లించి చూసుకుంటే బొటనవేలు ఎడమ లేన్, మిగతా వేళ్ళు మిగతా లేన్లు. సైరన్ వినిపించాక కాదు, బండ్లు నడక వేగానికి వచ్చినప్పుడే జరగాలి. లేకపోతే కనీసం 200 యూరోలు.

డబ్బు సంగతి: కార్లకి టోల్ లేదు. పెట్రోలు మాత్రం హైవే మీది బంకుల్లో బాగా ఎక్కువ, ఒక ఎగ్జిట్ దిగి కొట్టించుకుంటే చాలా మిగులుతుంది, కాకపోతే ట్యాంకు మరీ ఖాళీ అయ్యేదాకా ఆగకండి, హైవే మీద పెట్రోలు అయిపోయి ఆగినా జరిమానాయే. టాయిలెట్‌కి చాలాచోట్ల ఒక యూరో, అదే విలువకి కూపన్ ఇస్తారు, నా పర్సులో అవి ఒక కట్ట ఉన్నాయి. సాల్జ్‌బర్గ్ వైపు ఆస్ట్రియాలోకి దాటితే వినెట్ (హైవే వాడుకోవడానికి కొనే టోల్ స్టిక్కర్) కొనాలి, అక్కడ లిమిట్ 130. నిజం చెప్పాలంటే ఆ సరిహద్దు దాటగానే నా భుజాలు కాస్త వదులవుతాయి.

రోడ్లన్నీ అద్దంలా ఉంటాయని అనుకోకండి. ఏ45 మీద ల్యూడెన్‌షైడ్ దగ్గర వంతెన 2021 డిసెంబరులో పనికిరాదని మూసేశారు, 2023 మేలో పేల్చేశారు. ఆ మధ్యకాలంలో అటు వెళ్ళాల్సి వచ్చి ఆ ఊరి వీధుల్లో లారీల వెంట నత్తలా పాకాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒకటి బౌష్టెల్లెలకి. వచ్చే నెల మళ్ళీ బెర్లిన్ పని పడింది, రైలు టికెట్లు కూడా చూశాను, చివరికి కారే బుక్ చేశాను. చిన్నదే, పెద్దది ఉచితంగా ఇస్తామన్నా వద్దనే చెబుతాను.