జీతం ఆగాక తెలిసిన రైతు బజారు విలువ

యాభై రెండో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక కూరగాయల సంచీ నా చేతికి వచ్చింది. విశాఖలో మా ఇంటి దగ్గరి రైతు బజారుకు వారానికి రెండుసార్లు నడిచే వెళ్తాను. 1999లో మొదలైన ఈ ఏర్పాటు విలువ జీతం ఆగాకే నాకు అర్థమైంది. ఆనాటి ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరమాడే పని లేదు. మొన్న ఒక రైతమ్మ ఇచ్చిన గోంగూర కట్ట ఇంకా మంచుకు తడిగానే ఉంది, వేళ్లకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఆ పూట పచ్చడి రుచే వేరు!

మా పద్దు పుస్తకంలో నెలకు నాలుగు వేలున్న కూరగాయల ఖర్చు 2,600కు దిగింది. మిగిలినది ఆరోగ్య బీమా ప్రీమియం కోసం పక్కన పెడుతున్నాం. పది దాటితే ఆకుకూరలు వాడిపోతాయి. ఏడింటికే వెళ్లండి, చిల్లర తీసుకెళ్లండి.