హావెలాక్‌లో బస, స్నార్కెలింగ్: గది కన్నా ముందు తిథి చూసుకోండి

అండమాన్ ప్రయాణం అనుకోగానే ముందు రిసార్టుల ఫొటోలు చూస్తాం, తర్వాత విమానం టికెట్లు, సముద్రం సంగతి అక్కడికి వెళ్ళాక. అక్కడి హావెలాక్ దీవి విషయంలో ఈ వరస తిరగేయాలి. ఏ తీరంలో నీళ్ళు ఏ వేళకు ఉంటాయి, ఏ వేళకు ఉండవు అన్నది తేల్చుకున్నాకే గది మాట. బీచ్ ఎదురు కాటేజీకి రోజుకు ఏడెనిమిది వేలు కట్టి, మధ్యాహ్నం భోంచేసి ఈతకు బయల్దేరితే ఎదురుగా రాళ్ళు, బురద, విరిగిన పగడపు ముక్కలు తప్ప నీళ్ళు కనిపించక నీరసపడేవాళ్ళు చాలామంది. అందులో రిసార్టు మోసమేమీ లేదు. ఫొటో పోటు మీద తీసింది, వీళ్ళు వెళ్ళింది ఆటు వేళకు.

హావెలాక్‌కి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అనీ, పక్కనున్న నీల్‌కి షహీద్ ద్వీప్ అనీ, పోర్ట్‌బ్లెయిర్‌కి 2024 నుంచి శ్రీ విజయపురం అనీ అధికారిక పేర్లు. టికెట్ల మీద కొత్త పేర్లు కనిపిస్తే కంగారుపడకండి. జనం నోట ఇంకా పాతవే.

ఇక అసలు లెక్క. ఈ దీవుల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకీ ఆటుకీ మధ్య ఆరుగంటల పైచిలుకు. ఇవాళ్టి పోటు వేళకు రేపు సుమారు యాభై నిమిషాలు కలుపుకోవాలి. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ ఆటుపోట్ల తేడా దాదాపు రెండు మీటర్లు ఉంటుంది. ఆ రోజుల్లో పోటు ఉదయం తొమ్మిది, పది మధ్య వస్తుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. అష్టమి, నవమి దాటాక ఒకటి రెండు రోజులు తేడా మీటరు లోపే, ప్రవాహం కూడా మెత్తగా ఉంటుంది. అంటే ఇంట్లో గోడ మీది తెలుగు క్యాలెండరే సగం పని చేసిపెడుతుంది. కచ్చితమైన వేళలకు పోర్ట్‌బ్లెయిర్ టైడ్ టేబుల్ ఫోన్లో చూసుకుంటే సరిపోతుంది.

మొదటిసారి నీళ్ళలోకి దిగేవాళ్ళకు, పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అష్టమి దాటిన రోజులు మేలు. కాస్త ఈత వచ్చినవాళ్ళకు పౌర్ణమి, అమావాస్య చుట్టూ ఉన్న ఉదయాలు బాగుంటాయి. పోటు మీద బయటి సముద్రపు తేట నీరు లోపలికి వస్తుంది కాబట్టి పగడాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆటు మొదలయ్యాక ఒండ్రు, మడ అడవుల నీరు బయటికి కొట్టుకొచ్చి మసక కమ్ముతుంది. అందుకే పోటుకు గంట ముందు దిగి, పోటు తిరిగిన అరగంటకు బయటికి రావడం మంచి పద్ధతి.

రెండో లెక్క గాలిది. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్యపు గాలి. అది హావెలాక్ తూర్పు తీరాన్ని, అంటే గోవింద్‌నగర్ (మూడో నంబరు బీచ్), విజయనగర్ (అయిదో నంబరు), కాలాపత్థర్‌లను తాకుతుంది. అప్పుడు పడమటి రాధానగర్, వాయవ్యపు ఎలిఫెంట్ బీచ్ నిమ్మళంగా ఉంటాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రెండు వైపులా నీళ్ళు తేటగా ఉంటాయి. స్నార్కెలింగే (మాస్కు పెట్టుకుని, గొట్టంతో ఊపిరి తీస్తూ నీటి మీద తేలుతూ పగడాలు, చేపలు చూడడం) ముఖ్యమనుకుంటే ఈ మూడు నెలలకు సాటి లేదు. మే మధ్య నుంచి నైరుతి మొదలయ్యాక పడమటి తీరం ఎగసిపడుతుంది, పడవలు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల భయం ఉంది.

ఈ రెండూ తెలిశాక గది ఎక్కడ తీసుకోవాలో సులువుగా తేలుతుంది.

తూర్పు వైపు రిసార్టులు ఎక్కువ, ధరలు అన్ని రకాలు. జెట్టీ, బజారు, డైవింగ్ కేంద్రాలు, హోటళ్ళు అన్నీ దగ్గర. సూర్యోదయం గుమ్మంలోంచే కనిపిస్తుంది. కానీ ఈ తీరమంతా లోతులేని రాతి చదును, ఈతకు పోటు వేళ తప్ప పనికిరాదు. పడమటన రాధానగర్‌లో మెత్తని ఇసుక, క్రమంగా లోతయ్యే నీళ్ళు, ఆటులోనూ ఈత కొట్టొచ్చు. అక్కడ బస తక్కువ. తాజ్ ఎక్సోటికా, బేర్‌ఫుట్ లాంటి ఖరీదైనవే ముఖ్యం. జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు, సాయంత్రం తర్వాత ఆటో దొరకడం కష్టం, భోజనానికి రిసార్టే దిక్కు. ఒక్క మాటలో నా సలహా: స్నార్కెలింగ్, స్కూబా (గాలి సిలిండరుతో లోతుకు దిగడం) చేయాలనుకునేవాళ్ళు తూర్పున మధ్యస్థమైన గది తీసుకుని, రాధానగర్‌కి స్కూటరు మీద వెళ్ళి రావడం ఉత్తమం. ఈత, విశ్రాంతి మాత్రమే కావాలి, ఖర్చుకు వెనకాడం అనుకుంటే రాధానగర్. రాధానగర్ బీచ్‌లో పగడాలు చూడాలనుకోకండి, అది ఇసుక తీరం. దాని పక్కనున్న నీల్స్ కోవ్ చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా, 2010లో అక్కడ ఉప్పునీటి మొసలి ఒక పర్యాటకురాలిని చంపింది. హెచ్చరిక బోర్డులున్న చోట, వాగులు సముద్రంలో కలిసే చోట మోకాలి లోతుకు కూడా దిగొద్దు.

బుక్ చేసే ముందు రిసార్టుకు ఫోన్ చేసి అడగాల్సినవి కొన్నున్నాయి. కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ కూడా నడుస్తుందా, ఫ్యాన్లు, లైట్లేనా? జెట్టీకి బండి పంపుతారా, దానికి విడిగా డబ్బులా? పడవ పొద్దున్నే చేరితే గది ఇచ్చేలోపు సామాను పెట్టుకుని స్నానం చేసే వీలుందా? అన్నిటికన్నా ముఖ్యం, వాతావరణం బాగాలేక ఫెర్రీ రద్దయితే ఆ రాత్రి డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా? దీనికి జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట అప్పటికి నిలవదు.

తిండికి లోటు లేదు. హావెలాక్‌లో స్థిరపడినవాళ్ళు ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు. బజారులోని చిన్న హోటళ్ళలో అన్నం, పప్పు, చేపల పులుసు రిసార్టు బఫే కన్నా రుచిగా, మూడో వంతు ధరకే దొరుకుతాయి. శాకాహారులకు ఇబ్బంది లేదు గానీ కూరగాయలు పోర్ట్‌బ్లెయిర్ నుంచి పడవలో రావాలి కాబట్టి ధర ఎక్కువ. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కువ. ఆటోలో, చేపల బజారులో మన మాట వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రాకపోకల సంగతి క్లుప్తంగా. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం రెండున్నర గంటలు. విశాఖ నుంచి ఓడ ఉంది గానీ అరుదు, పైగా రెండు రాత్రులకు మించిన ప్రయాణం. సెలవులు బోలెడు ఉన్నవాళ్ళకే. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హావెలాక్‌కి మక్రూజ్, నాటికా లాంటి ప్రైవేటు ఫెర్రీలు గంటన్నర నుంచి రెండు గంటలు తీసుకుంటాయి. వీటిలో చాలావాటికి మూసేసిన ఏసీ హాలే, అలలు లేస్తే కడుపులో తిప్పే వాళ్ళకు నరకం. వెనక వరసల్లో, మధ్య సీటు అడగండి, అక్కడ కుదుపు తక్కువ. ప్రభుత్వ ఫెర్రీ చౌక, పైన గాలి తగిలే డెక్ ఉంటుంది, సమయం మరికాస్త ఎక్కువ. వాంతుల మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, కుదుపు మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. ఏ మాత్రో మీ డాక్టరును అడిగి తెచ్చుకోండి. టికెట్ మీది పేరున్న గుర్తింపు కార్డు పిల్లలతో సహా అందరికీ ఉండాలి. తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పకుండా పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండండి. హావెలాక్ నుంచి పొద్దున్న ఫెర్రీ, మధ్యాహ్నం విమానం అని పెట్టుకుంటే, సముద్రం కాస్త లేచిన రోజున రెండూ పోతాయి.

ఇంకొకటి మర్చిపోతుంటారు. అండమాన్ మనకన్నా బాగా తూర్పున ఉన్నా గడియారం మనదే. డిసెంబరులో అయిదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు, తెల్లారడం కూడా అయిదున్నర ప్రాంతంలోనే. పది గంటలకు తీరిగ్గా టిఫిను చేసి బయల్దేరితే సగం రోజు అయిపోయినట్టే.

స్నార్కెలింగ్‌కు అందరూ వెళ్ళేది ఎలిఫెంట్ బీచ్. జెట్టీ నుంచి పడవలో అరగంట లోపే, మనిషికి వెయ్యి రూపాయల పైచిలుకు. అడవిలోంచి నడకదారి కూడా ఉంది, వానాకాలంలో బురద. ఒడ్డున పడి ఉన్న పెద్ద పెద్ద మాన్లు 2004 సునామీ తర్వాత మిగిలినవి. పడవ టికెట్లో కలిపి ఇచ్చే ఉచిత స్నార్కెలింగ్ పది, పదిహేను నిమిషాలే. గైడు ఒక రబ్బరు ట్యూబు పట్టించి ఒడ్డు దగ్గరే లాక్కెళ్ళి తెచ్చేస్తాడు. అక్కడ ఏళ్ళ తరబడి కాళ్ళ కింద నలిగి పగడాలు పిండైపోయాయి. 2010, 2016లలో నీరు వేడెక్కి పగడాలు తెల్లబారిన దెబ్బ కూడా కనిపిస్తుంది. దీంతోనే తిరిగొస్తే నిరాశే. అదనంగా డబ్బు కట్టి అరగంటో, ముప్పావు గంటో లోతు అంచు దాకా తీసుకెళ్ళమని అడగండి. నాలుగైదు మీటర్ల లోతుకు దిగే ఆ అంచున కొమ్మల పగడాలు, మెదడు ముడతల్లాంటి గుండ్రని పగడాలు బతికి ఉన్నాయి. చిలుకచేపలు ముక్కులతో రాతిని గీకుతుంటే కరకరమని నీళ్ళలో స్పష్టంగా వినిపిస్తుంది. పగడాల మధ్య పెద్ద ఆల్చిప్ప నీలం, ఆకుపచ్చ పెదవులు తెరుచుకుని ఉంటుంది, మీ నీడ దాని మీద పడగానే ముడుచుకుంటుంది. అది చూడాలంటే దూరంగా, కదలకుండా తేలాలి.

మొదటి పడవకే వెళ్ళండి. పది దాటితే ఒకరు కాళ్ళకు తొడుక్కున్న ఫిన్స్ ఇంకొకరి మొహానికి తగిలేంత రద్దీ. చేపలు రావాలని గైడు బిస్కెట్లు చల్లబోతే వద్దనండి. చారల చేపలు గుంపుగా మీద పడి మిగతా చేపలను తరిమేస్తాయి.

నీల్ దీవిలో భరత్‌పూర్ బీచ్ జెట్టీ పక్కనే, పగడాలు లోతు తక్కువలో ఉంటాయి. అందుకే నిండు పోటు మీదే వెళ్ళాలి, లేకపోతే పొట్ట పగడాలకు రాసుకుంటుంది. అదే నీల్‌లో సహజ రాతి వంతెన ఉన్న లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌కి ఆటు వేళ వెళ్ళాలి, రాతి గుంటల్లో చిన్న చేపలు, సముద్రపు దోసకాయలు కనిపిస్తాయి. రెండూ ఒకే రోజు ఆరుగంటల తేడాతో చూడొచ్చు.

పగడాల కోసమే వెళ్ళేవాళ్ళకు పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి వండూర్ మెరైన్ నేషనల్ పార్కును మించింది లేదు. 1983లో ఏర్పడిన పార్కు. అందులోని జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను ఏడాదిలో వంతులవారీగా తెరుస్తారు. ముందుగా పర్మిట్ కావాలి, సోమవారం సెలవు. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తీసుకెళ్ళనివ్వరు. ఈ కట్టుదిట్టం వల్లే అక్కడి పగడాలు ఎలిఫెంట్ బీచ్ కన్నా బాగున్నాయి. రిసార్టు సుఖం ఉండదు, టాయిలెట్ సౌకర్యాలు అంతంతమాత్రం, తిండి వెంట తీసుకెళ్ళాలి. అయినా నా ఓటు దానికే.

సరంజామా గురించి. అద్దె మాస్కులు చాలాచోట్ల పాతబడి కారుతుంటాయి. మాస్కు సరిపోయిందో లేదో ఇలా చూడాలి: పట్టీ వేసుకోకుండా మొహానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి, చెయ్యి వదిలేయండి. అంటుకుని నిలబడితే మీదే, జారిపోతే మార్చండి. నీళ్ళు కారుతున్నాయని పట్టీ ఇంకా బిగించడం అందరూ చేసే పని. బిగిస్తే రబ్బరు అంచు మడతపడి ఇంకా కారుతుంది. అంచు కింద వెంట్రుకలు లేకుండా చూసుకోండి. మీసం ఉంటే పైపెదవి దగ్గర కాస్త వేజ్‌లైన్ రాస్తే నీరు ఆగుతుంది. అద్దం లోపల ఒక చుక్క బేబీ షాంపూ రుద్ది, ఒక్కసారి తొలిపితే ఆవిరి పట్టదు. సొంతంగా కొత్త మాస్కు కొంటే మొదట టూత్‌పేస్టుతో లోపలి అద్దం రుద్ది కడగండి, తయారీలో అంటిన పొర పోతుంది. కళ్ళజోడు వాళ్ళు డైవింగ్ కేంద్రాల్లో పవర్ మాస్కు ముందే అడిగి పెట్టుకోవాలి. మొహమంతా కప్పే మాస్కులు వద్దు. వదిలిన గాలి లోపలే తిరిగి తల తిరిగే ప్రమాదం ఉంది.

నీళ్ళలో భయం వేసేది చాలావరకు ఊపిరి వల్లే. గబగబా పీలిస్తే గొట్టంలోని పాత గాలే మళ్ళీ లోపలికి వెళ్తుంది. నెమ్మదిగా, పూర్తిగా వదలండి. గొట్టంలోకి నీరు వస్తే తల ఎత్తకుండా 'తూ' అని గట్టిగా ఊదితే బయటికి పోతుంది. ఇది నడుము లోతులో నాలుగైదుసార్లు చేసి చూశాకే ముందుకు వెళ్ళండి. ప్రవాహం లాగితే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి. కాళ్ళు కింద పెట్టాల్సి వస్తే ఇసుక మీదే పెట్టండి. రాతిచేప రాయిలాగే ఉంటుంది, దాని ముల్లు పాదంలో దిగితే నొప్పి భరించలేం. అలాంటప్పుడు తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో పాదం ముంచి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వీపు కాలడం మామూలు. నీళ్ళలో మొహం కిందికి పెట్టి గంటసేపు ఉంటే ఏ క్రీమూ ఆగదు. పొడుగుచేతుల రాష్‌గార్డు (ఈతకు వేసుకునే బిగుతు చొక్కా) వేసుకుంటే వీపూ కాలదు, క్రీము రసాయనాలూ పగడాల మీద పడవు. ఒడ్డున సాయంత్రాలు ఇసుక ఈగలు కుడతాయి. వాటికి కాళ్ళకు కొబ్బరినూనె దట్టంగా రాసుకోవడం బాగా పనిచేస్తుంది.

స్నార్కెలింగ్ చేసిన మర్నాడే విమానం ఎక్కొచ్చు. స్కూబా చేస్తే మాత్రం కనీసం పద్దెనిమిది గంటల విరామం ఉండాలి. ఒడ్డున దొరికిన పగడపు ముక్క, గవ్వ ఏదైనా సంచిలో వేసుకోకండి. పగడాలు వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి, పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయంలో స్కానింగ్‌లో పట్టుకుంటారు. గవ్వల వస్తువులు కావాలంటే అనుమతి ఉన్న దుకాణంలో కొని, బిల్లు చేతిసంచిలోనే ఉంచుకోండి.