తల్లి కాబోయేవాళ్ల జాగ్రత్తలు నెల తప్పాక మొదలుపెట్టాలా, అంతకుముందు నుంచేనా: ఏది మేలు?

ఈ చలికాలం మా ఇంటికి రెండిళ్ల అవతల కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల నన్ను అడిగింది. "అక్కా, కడుపు నిలిచినంక ఆశా తాయి గోలీలు ఇస్తది, అప్పటిదాంక ఏం అక్కర లేదంటది మా అత్త. మంచిర్యాలల మా చెల్లెకు పెండ్లయిన నెలకే డాక్టరమ్మ గోలీలు రాసిచ్చింది. ఎవరి మాట వినాలె?"

మాది మహారాష్ట్రలోని సిరోంచ. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్ల దూరం, వంతెన దాటితే తెలంగాణ. దవాఖాన కాగితాలు మరాఠీలో ఉంటాయి, ఇంట్లో మాట తెలుగు. రెండు రాష్ట్రాల సలహాలు ఇలా ఒకే గడపలో ఎదురుపడుతుంటాయి. నేను డాక్టర్‌ని కాను, బడిలో సైన్సు చెబుతాను. కానీ మా బాబు పుట్టకముందు నాకు రెండు గర్భాలు పోయాయి. అప్పటి నుంచి ఈ విషయం మీద ఏం దొరికినా చదువుతూ వచ్చాను. ఆ పిల్లకు జవాబు చెప్పేముందు, ఏ రకం పరిశోధనను ఎంత నమ్మాలో చూడాలి.

ఆ రోజుల్లో చూడటానికి వచ్చినవాళ్లంతా అడిగింది ఒక్కటే: "ఏం తిన్నవు? ఏం బరువెత్తినవు?" బొప్పాయి తిన్నానా, నిండు బిందె ఎత్తానా అని నేనూ రాత్రిళ్లు వెనక్కి తవ్వుకునేదాన్ని. ఆ తవ్వకం ఎందుకు నమ్మదగింది కాదో చాలా ఏళ్లకు తెలిసింది. కష్టం జరిగిన తల్లి చిన్న చిన్న సంగతులన్నీ గుర్తు చేసుకుంటుంది. క్షేమంగా కాన్పయిన తల్లి వాటిని ఎప్పుడో మరచిపోయి ఉంటుంది. కాన్పయ్యాక ఇద్దరినీ అడిగి పోల్చే పరిశోధనలో ఈ జ్ఞాపకాల తేడాయే కారణంలా కనబడిపోవచ్చు. ఈ పద్ధతికి నేను అన్నిటికన్నా తక్కువ విలువ ఇస్తాను.

గర్భిణి పేరు నమోదైన రోజు నుంచి ఆమె వెంట నడిచే పద్ధతి దీనికన్నా మేలు. డెన్మార్క్‌లో 1996 నుంచి 2002 దాకా ఇలా దాదాపు 1,00,000 గర్భాలను నమోదు చేశారు. మన ముంబైలో 1,217 మంది గర్భిణుల మీద జరిగిన అధ్యయనం 2004లో అచ్చయింది. పొగ లేని పొగాకు వాడే తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు, నెలలు నిండకముందే కాన్పులూ ఎక్కువయ్యాయి. ఖర్రా (పొగాకు, వక్క, సున్నం కలిపి నమిలేది) తెలియని వీధి లేని మా జిల్లాకు ఆ 105 గ్రాములు పరాయి సంగతి కాదు.

అయితే ఈ పద్ధతికి కనబడనిది ఒకటుంది. పేరు నమోదయ్యేలోపే పోయిన గర్భం, అసలు నిలవని గర్భం ఆ లెక్కలోకి రావు. నావి రెండూ ఏ రిజిస్టరులోనూ లేవు.

వాటిని చూడాలంటే కడుపు నిలవకముందే పేరు రాసుకోవాలి. అమెరికాలోని నార్త్ కరోలినాలో పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 221 మంది రోజూ మూత్రం నమూనా ఇచ్చారు. 1988లో ఫలితం వచ్చింది. నిలిచిన గర్భాల్లో 22 శాతం ఎవరికీ తెలియకముందే పోయాయి, తెలిశాక పోయినవి కూడా కలిపితే 31 శాతం. ఆ అంకె చదివిన రోజు నేను ఏడ్చాను. బిందెను, బొప్పాయిని, నన్ను నేను ఆ రోజే వదిలిపెట్టాను.

ఈ పద్ధతి ఖరీదైనది, ఓపిక కావాలి. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 12,583 మంది యువతులను ముందే నమోదు చేసుకుంటే చివరికి అధ్యయనంలోకి వచ్చిన బిడ్డలు సుమారు 3,000 మంది. పుణె దగ్గర ఆరు పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993లో పెళ్లయి ఇంకా గర్భం దాల్చని ఆడవాళ్లతో పని మొదలుపెట్టి, పుట్టిన పిల్లలు పెద్దయ్యేదాకా వెంట ఉంది. ఆకుకూరలు, పళ్లు, పాలు తీసుకున్న తల్లుల బిడ్డలు ఎదుగుదలలో ముందున్నారని, మన బిడ్డలు చూడటానికి బక్కగా ఉన్నా ఒంట్లో కొవ్వు శాతం ఎక్కువని తేల్చింది ఆ పనే. తల్లి ఒంట్లో ఫోలేట్ ఎక్కువగా ఉండి బి12 తక్కువైతే బిడ్డకు ఆరేళ్ల వయసులోనే ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణాలు కనబడ్డాయని కూడా చెప్పింది.

ఇక ఆ పిల్ల అడిగిన మాట. ముందే మొదలుపెడితే నిజంగా లాభమా? ఒక్కో సంగతికి ఒక్కో జవాబు.

ఫోలిక్ యాసిడ్ విషయంలో నాకు సందేహం లేదు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాడీ గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపు మూసుకుంటుంది. అంటే నెల తప్పింది అనుకునే వేళకు ఆ గడువు సగం గడిచిపోయి ఉంటుంది. దవాఖానలో పేరు రాయించుకునేసరికి పూర్తిగా అయిపోతుంది. ఏడు దేశాల్లోని 33 కేంద్రాల్లో జరిగిన పరీక్ష 1991లో తేల్చిందేమిటంటే, అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. వాళ్లకిచ్చింది రోజుకు 4 మిల్లీగ్రాములు, అది డాక్టరు చెబితేనే వాడే మోతాదు. మిగతావారికి 400 మైక్రోగ్రాములు చాలు. రక్తహీనతను తగ్గించడానికి ప్రభుత్వం నడిపే అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కూడా గర్భానికి ముందు నుంచి మూడో నెల దాకా రోజూ ఇదే తీసుకోమంటుంది. పుణె మాట గుర్తుంచుకుని పాలో, గుడ్డో, గోదావరి చేపో పక్కన ఉండాలంటాను. బి12 దొరికేది వాటిలోనే.

బిడ్డ బరువు దగ్గరికి వస్తే జవాబు ఇంత సూటిగా ఉండదు. ముంబై బస్తీల్లో 6,513 మంది ఆడవాళ్లకు గర్భానికి ముందు నుంచే రోజూ ఒక చిరుతిండి ఇచ్చారు. ఒక జట్టుకు ఆకుకూరలు, పళ్లు, పాలతో చేసినది, ఇంకో జట్టుకు ఆలుగడ్డ, ఉల్లి లాంటివాటితో చేసినది. 2014లో వచ్చిన ఫలితాల్లో అందరినీ కలిపి చూస్తే బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. గర్భానికి కనీసం మూడు నెలల ముందు నుంచి తిన్నవారిలో బిడ్డ బరువు 48 గ్రాములు పెరిగింది. బాగా బక్కగా ఉన్న తల్లుల్లో ఆ లాభం కనబడలేదు. ఇది నన్ను చాలా రోజులు బాధపెట్టింది. ఏళ్ల తరబడి కడుపు నిండని ఒంటికి ఆ ఒక్క చిరుతిండి సరిపోలేదేమో అనిపిస్తుంది. అయితే అదే పరీక్షలో గర్భంలో వచ్చే షుగరు 12.4 శాతం నుంచి 7.3 శాతానికి తగ్గింది. బరువు కన్నా నాకు ఇదే పెద్ద ఫలితం.

బెళగావితో పాటు మరో మూడు దేశాల్లో జరిగి 2019లో వెలువడిన పరీక్షలో పోషకాల ప్యాకెట్లు కొందరికి గర్భానికి ముందు నుంచి, కొందరికి మూడో నెల చివరి నుంచి ఇచ్చారు. ఏమీ ఇవ్వనివారి బిడ్డల కన్నా రెండు జట్ల బిడ్డలూ పొడవుగా పుట్టారు. ఆ రెండింటి మధ్య తేడా మాత్రం చాలా స్వల్పం. అత్తగారి పక్షాన నిలబడే సాక్ష్యం ఇది, దాచకూడదు. ఢిల్లీలో 13,500 మందితో జరిగిన పరీక్ష 2022లో ఇద్దరి మాటనూ కలిపింది. గర్భానికి ముందు అందిన తిండి, వైద్య సాయం తక్కువ బరువు కాన్పులను తగ్గించింది. రెండేళ్ల వయసులో బిడ్డ ఎత్తుకు గర్భంలోనూ పురిటి తరువాతా అందిన సాయం ముఖ్యమైంది. రెండూ అందినవారి బిడ్డలు అందరికన్నా మెరుగు.

తిండి గురించే అయితే ఆలస్యమైనా మొదలుపెట్టవచ్చు. కొన్నిటికి మాత్రం నెల తప్పాక అంటే పొద్దుపోయినట్టే. షుగరు ముందే ఉన్నవాళ్లు గర్భానికి ముందే దాన్ని అదుపులోకి తెచ్చుకోకపోతే బిడ్డకు పుట్టుకతో లోపాలు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ అనే మందు వాడేవాళ్లు తమంతట తాము ఆపకుండా ముందే డాక్టరును అడగాలి. ఇక సికిల్ సెల్, తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తపు జబ్బు. మా జిల్లాలోనూ, అటు ఒడిశా కొరాపుట్, రాయగడ వైపూ ఇది చాలా కుటుంబాల్లో ఉంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే (జబ్బు లేకున్నా దాన్ని బిడ్డకు అందించగలవాళ్లైతే) ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ముందే తెలిస్తే ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. నాలుగో నెలలో తెలిస్తే ఏడవడానికి కూడా టైము ఉండదు.

డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ 1989లో అచ్చు వేయించిన పని మా గడ్చిరోలి జిల్లాదే. రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది, అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే. కడుపుతో లేని ఆడదాన్ని ఎవరూ చూడటం లేదని దాని అర్థం. "ముందు నుంచే" అనే మాటను నేను గట్టిగా పట్టుకోవడానికి అసలు కారణం ఇదే.

ఆ మాట కోడలి మీద ఇంకో బరువు కాకూడదు. మగవాడి వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఖర్రా మానేదీ, పరీక్షకు రక్తం ఇచ్చేదీ ఆయన కూడా.

మొన్న ఆదివారం ఆ అత్తగారితోనే కూర్చున్నాను. "అత్తా, ఆశా తాయి దగ్గరికి ఇప్పుడే పొమ్మను. ఫోలిక్ గోలీ అడగమను, సికిల్ పరీక్ష చేయించుకోమను" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది. "మా పిలగాన్ని గూడ తీస్కపోవాలెనా బిడ్డా?"

"ముందు ఆయన్నే తీస్కపో అత్తా" అన్నాను.