నల్ల ఇసుక మ్యాప్‌కి గామా సర్వేనా, డ్రిల్లింగా?

భీమిలి నుంచి కళింగపట్నం దాకా తీరంలో బరువైన ఖనిజాలుండే నల్ల ఇసుక ఎక్కడెక్కడుందో మ్యాప్ గీయాలంటే గామా సర్వే త్వరగా అయిపోతుంది. ఆ ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో ఉండే రేడియోధార్మిక థోరియం వల్ల వచ్చే గామా కిరణాలను పట్టే మీటరు మోసుకుని నడవడమే. కానీ అది చూసేది మహా అయితే పై అర మీటరు. పైగా ఇల్మనైట్ (నల్లటి టైటానియం ఖనిజం) దానికి కనబడదు, మోనజైట్‌ను బట్టి ఊహించుకోవాల్సిందే.

నా ఓటు డ్రిల్లింగ్‌కే. మీటరుకో నమూనా తీసి, కడిగి ఎండబెట్టి, బ్రోమోఫాం అనే బరువైన ద్రవంలో పోస్తే తేలికైన క్వార్ట్జ్ రేణువులు పైకి తేలుతాయి. ఇల్మనైట్, ఎర్రటి గార్నెట్ అడుక్కి దిగుతాయి. గాజు గరాటు అడుగున నలుపూ ఎరుపూ కలిసిన ఆ పొరను తూకం వేస్తే అసలు లెక్క తెలుస్తుంది. (ఆ ఘాటుకి తలనొప్పి ఖాయం.) ఖర్చెక్కువే. నీటిమట్టం తగిలాక ఇసుక రంధ్రంలోకి కూలిపోతుంటుంది, రంధ్రం గోడలను ఆపే కేసింగ్ గొట్టం దింపక తప్పదు.