అందరం కలిసి పుస్తకం చదవాలంటే: పార్కా, గ్రంథాలయమా?

ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం. ఆ రోజు ఒక పుస్తకాన్ని వంతులవారీగా పైకి చదువుదామని బెజవాడలో అనుకోగానే వచ్చే మొదటి ప్రశ్న, ఎక్కడ?

ఖర్చు: పార్కులో మైకు, కుర్చీలు, లైట్లు అద్దెకు తేవాలి. గ్రంథాలయంలో కుర్చీలు, ఫ్యాన్లు ఉంటాయి.
శ్రమ: పార్కులో మైకుకు అనుమతి తీసుకోవాలి, రాత్రి పదికల్లా ఆపేయాలి. గ్రంథాలయంలో ముందే మాట్లాడుకుంటే చాలావరకు సరిపోతుంది.
రిస్క్: పార్కులో ఎండ, గాలివాన. గ్రంథాలయంలో ఖాళీ కుర్చీలు.

జనం సంగతే అసలు తేడా. గ్రంథాలయానికి ఇప్పటికే చదివే అలవాటున్నవాళ్లు వస్తారు. పార్కులో అయితే వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన, పిల్లాణ్ణి ఉయ్యాల ఊపుతున్న అమ్మ కూడా ఆగి వింటారు, పుస్తకం చేతికిస్తే ఒక పేజీ చదువుతారు, నాకు ఈ పండగలో అన్నిటికంటే ముఖ్యం అదే. అలాగని గ్రంథాలయాన్ని తక్కువ చేయలేం, 1911లో పుట్టిన రామ్మోహన గ్రంథాలయం ఉన్న ఊరు మనది.

సాయంత్రం రెండు గంటల్లో అయిపోయే కథలు, పిల్లలు ఎక్కువుంటే పార్కు. పొద్దుట మొదలెట్టి పెద్ద నవల మొత్తం చదవాలన్నా, వినేవాళ్లలో వయసు పైబడ్డవాళ్లు ఎక్కువున్నా గ్రంథాలయం.