ఏడేళ్లుగా ఓర్వాల్: ఒకటే బీరు, మూడు రుచులు

బీరంటే నాకు తెలిసింది హైదరాబాద్‌లో గడ్డకట్టేంత చల్లబెట్టి తాగే లాగరే. బెల్జియంలోని లూవెన్‌లో ఉద్యోగం దొరికిన కొత్తలో ఒక సాయంత్రం ఆఫీసు మిత్రుడు ఓర్వాల్ అనే ఇక్కడి బీరు ఇప్పించాడు. ఒక గుక్క వేసి "ఇది పాడైనట్టుంది" అన్నాను. అతను సీసా తిప్పి లేబుల్ మీద సీసాకెత్తిన తేదీ చూపించాడు. ఏడాది దాటింది. "అందుకే బాగుంది" అన్నాడు. పాతబడిన బీరు బాగుండటమేంటో నాకప్పుడు ఎక్కలేదు.

ఎక్కింది సెలవుల్లో జనగామ పక్కన మా ఊరెళ్లాక. పొద్దున్నే చెట్టు మీంచి దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి పులుస్తుంది, మాపటికి ఘాటెక్కుతుంది. చెట్టూ అదే, లొట్టీ అదే. కల్లు ఒక్కరోజులో చేసే పనిని ఓర్వాల్ ఏడాది, రెండేళ్లు తీరిగ్గా చేస్తుంది.

కారణం బ్రెట్టనోమైసిస్ అనే అడవి ఈస్ట్, అంటే చక్కెర తిని పులియబెట్టే సూక్ష్మజీవి. ఇక్కడ అందరూ బ్రెట్ అంటారు. మామూలు ఈస్ట్ పని అయ్యాక దీన్ని కలిపి, బీరులో హాప్స్, అంటే చేదూ వాసనా ఇచ్చే ఒక తీగ పూలు, నానబెడతారు. సీసాకెత్తేటప్పుడు మళ్లీ కాస్త చక్కెర వేస్తారు. మామూలు ఈస్ట్ ముట్టని చక్కెరల్ని కూడా బ్రెట్ వదలదు, మూత బిగించాక నెలల తరబడి తింటూనే ఉంటుంది. లేబుల్ మీద 6.2 శాతం అని ఉన్నా, పాత సీసాలో ఆల్కహాల్ అంతకంటే కొంత ఎక్కువే.

చేసేది బెల్జియం దక్షిణ కొసన, ఫ్రాన్స్ సరిహద్దు దగ్గరున్న మఠంలో. ఫ్రెంచి విప్లవంలో నేలమట్టమైన మఠాన్ని మళ్లీ కట్టుకోవడానికి డబ్బు కావాలని 1931లో బ్రూవరీ పెట్టారు. సీసా మీద నోట ఉంగరం కరుచుకున్న చేప ఉంటుంది. మటిల్డా అనే రాణివాసపు ఆవిడ ఉంగరం ఊటలో జారిపడితే చేప తెచ్చిచ్చిందని అక్కడి కథ. మన శకుంతలకీ ఇలాంటి చేపే దొరికి ఉంటే బతుకు సులువయ్యేది. ఆ చేప మింగేసింది మరి.

ఇక రుచి. నేను ఏటా ఒక క్రేటు, అంటే 24 సీసాలు కొంటాను. మూతల మీద మార్కర్‌తో నెల రాసి కింద సెల్లార్‌లో నిలబెడతాను, పడుకోబెట్టను.

మూడు నెలల లోపు తెరిస్తే హాప్స్‌దే రాజ్యం. నారింజ తొక్క గిల్లినప్పటి వాసన, నాలుక వెనక వేపపుల్ల నమిలినంత చేదు. ఆరేడు నెలలకి చేదు దిగుతుంది, తోలు చెప్పుల కొట్టు వాసన మెల్లగా మొదలవుతుంది. నా లెక్కలో ఇది మధ్యలో ఇరుక్కున్న వయసు, రెండూ కానిది. కొందరికి ఇదే ఇష్టం, వాళ్లతో గొడవ పెట్టుకోను. ఏడాది దాటాక అసలు కథ. వానకి తడిసి ఆరిన వరిగడ్డి, పశువుల కొట్టం, కొంచెం నిమ్మ. వాసన చూసి మొహం తిప్పుకున్నవాళ్లే గ్లాసు ఖాళీ చేయడం చూశాను. తీపి ఆనవాలు ఉండదు, నోరు పొడిపొడిగా చేసి వదిలేస్తుంది. మూడేళ్లు దాచిన సీసా కూడా ఒకటి తాగాను. హాప్స్ పూర్తిగా చచ్చిపోయాయి. మళ్లీ అంత ఆగను.

పోయడంలోనే సగం ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగితే చేదు తప్ప ఏం తెలియదు, 12 నుంచి 14 డిగ్రీల దగ్గర తాగాలి. గ్లాసు వంచి మెల్లగా పోసి, అడుగున వేలెడు మడ్డి సీసాలోనే ఉంచండి. ఒక దుకాణంవాడు రకరకాల తేదీల సీసాలు కలిపి అంటగట్టాడు. అందులో ఒకటి మూత తీయగానే బుస్సుమని పొంగి, సగం బీరు వంటగది గోడకి అభిషేకమైంది. అప్పట్నుంచి తేదీ చూడకుండా ఒక్క సీసా కూడా బుట్టలో వేయను.

తిండి విషయంలో నా ప్రయోగాలు ఎక్కువే విఫలమయ్యాయి. చేపల పులుసుతో తాగితే కారం, చేదు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని నోరు మండించాయి. సర్వపిండితో మాత్రం అద్భుతం, నువ్వులూ పల్లీలూ ఆ చేదుని పట్టి కూర్చోబెడతాయి.

దీని పుణ్యమాని ఇక్కడి బీరు వార్తలు చదవడం కూడా అలవాటైంది, నా డచ్ కాస్త బాగుపడిందంటే అందుకే. 2016లో బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో గుర్తించినప్పుడు ఆఫీసులో అందరూ గ్లాసులెత్తారట, నేనప్పటికి రాలేదు. నాకు గుర్తుండిపోయింది 2021 జనవరి వార్త: ఓర్వాల్ లాగే బీరు చేసే అహెల్ మఠంలో సన్యాసులు మిగలకపోవడంతో ఆ బీరు ట్రాపిస్ట్ ముద్ర కోల్పోయింది. ట్రాపిస్టులంటే ఒక క్రైస్తవ సన్యాసుల శాఖ, వాళ్ల మఠాల్లో చేసిన బీరుకే ఆ ముద్ర. రెసిపీ మారలేదు, ట్యాంకులు మారలేదు, కానీ సన్యాసుల పర్యవేక్షణ లేకపోతే ముద్ర లేదు. బెల్జియంలో ఆ ముద్రకి ఇక మిగిలినవి అయిదే: ఓర్వాల్, షిమే, రోష్‌ఫోర్, వెస్ట్‌మాల్, వెస్ట్‌వ్లెటరెన్. ఆ వారమే దుకాణానికెళ్లి పాత ముద్రతో ఉన్న అహెల్ రెండు సీసాలు తెచ్చాను. ఒకటి తాగాను, రెండోది ఇంకా ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నాలుగు సీసాలు ఒకే తేదీవి కొని, ఒకటి వెంటనే, మిగతావి నాలుగేసి నెలల తేడాతో తెరవండి. మా ఇంట్లో పంపకం తేలిపోయింది. మా ఆవిడకి మూడు నెలల లోపువే కావాలి, నాకు ఏడాది దాటినవి. క్రేటు రాగానే పన్నెండు తనవి, పన్నెండు నావి. నావాటి జోలికి తను రాదు. తనవి రెండో నెలకల్లా అయిపోతే మాత్రం సెల్లార్ తాళం నేను దాచుకోవాల్సిందే.